చెల్లని సెల్లు

సుబ్బరాజుకి ఊపిరాడకపోతే పెద్దగా కంగారు పడడు. చేతిలో వేప్, అదే కరెంటు సిగరెట్, ఊపిరి వదిలిందంటే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు.

ఆ పొద్దున అదే జరిగింది. డార్విన్‌లో వానలు పోయి, ఎండ తెల్లగా, గాలి పొడిగా, ఆరేసిన బట్టలు అప్పడాల్లా పెళపెళలాడే కాలం. సుబ్బరాజు వరండాలో కుర్చీ వేసుకుని, కాఫీ ముగించి, ఆ నల్లటి పరికరాన్ని నోట్లో పెట్టుకుని మీట నొక్కాడు. ఎర్ర దీపం కన్ను గీటింది. మళ్ళీ గీటింది. ఆ తర్వాత కన్ను మూసింది.

"ఇప్పుడేగా కడుపునిండా చార్జింగు పెట్టాను! అప్పుడే ఆకలా నీకు?" అన్నాడు గట్టిగా. సుబ్బరాజు ఏదన్నా గట్టిగానే అంటాడు. భీమవరంలో పుట్టిన గొంతు, గోదావరి అవతలి ఒడ్డుకి వినిపించేలా తయారైన గొంతు.

వంటింట్లో ఉన్న భార్య విద్యావతికి వినపడింది. విని, ఏమీ అనలేదు.

అసలు బాధ అదీ. ఇదివరకు ఆవిడ అనేది. పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల వార్డులో నర్సు. అనడానికి అర్హత, అనుభవం, అదనంగా మొగుడు, మూడూ ఉన్నాయి. సుబ్బరాజు ఇప్పటికి మూడుసార్లు సిగరెట్ మానేశాడు. ఏదో గుట్టుగా కూడా కాదు, స్నేహితులందరికీ స్వీట్లు పంచి మరీ మానేశాడు. మూడుసార్లూ ఆఫీసు పనిమీద అడవిదారిన వంతెనలు చూడబోయి, చొక్కానిండా పొగ వాసనతో ఇల్లు చేరాడు. మొదటిసారి విద్యావతి తిట్టింది. రెండోసారి ఏడ్చింది. మూడోసారి ఆ చొక్కాని రెండు వేళ్ళతో ఎత్తి వాషింగ్ మెషీన్‌లో పడేసి, "రోజంతా వార్డులో చెప్పేది ఇదే. ఇంట్లో కూడా ఓవర్‌టైమ్ చెయ్యలేనండీ" అంది. అంతే, ఆ ప్రస్తావన అక్కడితో ఆపేసింది.

తిట్టే పెళ్ళాన్ని భరించడం సుబ్బరాజుకి వచ్చు. తల ఊపుతూ తాళం వేస్తే కచేరీ ముగుస్తుంది. తిట్టని పెళ్ళాన్ని ఎలా భరించాలో ఆయనకి ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

అందుకే నాలుగోసారి స్వీట్లు లేవు, చాటింపు లేదు. డాక్టరు దగ్గర చీటీ రాయించుకున్నాడు. మందుల షాపులో వేప్‌లో పోసే నికోటిన్ ద్రవం తెచ్చుకున్నాడు. మామూలు దుకాణాల్లో ఈ పరికరాల అమ్మకం ప్రభుత్వం ఆపేయకముందు ఎప్పుడో కొని పడేసిన వేప్‌కి దుమ్ము దులిపాడు. "డార్విన్ పేరున్న ఊళ్ళో ఉంటూ కాస్తయినా పరిణామం చెందకపోతే ఎలా? సిగరెట్ వేపు నుంచి వేప్ వేపు జరుగుతున్నాను, ఆ తర్వాత ఏ వేపూ ఉండదు" అని తనకి తానే ఉపన్యాసం ఇచ్చుకున్నాడు. వానలు మొదలైన దగ్గరనుంచి ఒక్క సిగరెట్ ముట్టలేదు.

ఆ సంగతి విద్యావతికి తెలుసు. తెలిసి కూడా "మానేశారా?" అని అడగలేదు. ఆ ఒక్క మాట ఆవిడ నోట వినాలని సుబ్బరాజుకి పట్టుదల. ఈసారి అడవికి వెళ్ళి పొగ వాసన లేకుండా తిరిగొస్తే గానీ ఆ మాట రాదని ఆయనకి బాగా తెలుసు. ఆ ప్రయాణం వచ్చే వారమే. కేథరీన్ ఊరు దాటి లోపలికి, కరెంటు స్తంభం కనపడనంత లోపలికి, వానలకి దెబ్బతిన్న కల్వర్టులు చూడాలి.

ఆ సమయంలో ఇదుగో, సెల్లు చచ్చింది.

సెల్లంటే చేతిలో ఫోను కాదు. టార్చిలైట్లో వేసే పెన్సిలు సెల్లుకి పెద్దన్నయ్య లాంటిది, బొటనవేలంత లావున ఉంటుంది. పరికరానికి తీగ గుచ్చి చార్జింగు పెట్టుకునే కన్నం ఒకటుండేది గానీ, వానాకాలంలో చీమలు అందులో గృహప్రవేశం చేసి, పిల్లాపాపలతో స్థిరపడ్డాయి. అప్పటినుంచి సెల్లు బయటకి తీసి, గోడకి తగిలించే చార్జర్లో పడుకోబెట్టడమే. కొన్న కొత్తలో పొద్దున వేస్తే పడుకునేదాకా వచ్చేది. ఎన్నిసార్లు నింపితే అంత అరుగుతుంది, దానికి తోడు డార్విన్ వేడి. ఇప్పుడు కాఫీకి లేచి ఇడ్లీకి పడుకుంటోంది.

సుబ్బరాజు చేపల గేలాలూ టార్చిలైట్లూ అమ్మే దుకాణానికి వెళ్ళాడు. కౌంటరు దగ్గరున్న పెద్దావిడ సెల్లు ఒకటి తీసి ఎదుట పెట్టింది. మూడువేల ఎమ్ఏహెచ్ అని దానిమీద రాసుంది. ఎంతసేపు వస్తుందో చెప్పే అంకె అది. సుబ్బరాజు దాన్ని "మహా" అని చదువుకుంటాడు.

"మూడువేల మహాయేనా? ఇంకా పెద్దది లేదా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఈ సైజులో పట్టేది ఇంతే. మరీ పెద్ద అంకె కనపడితే అనుమానించు," అందావిడ.

సుబ్బరాజుకి అది నచ్చలేదు. ఆయన సివిల్ ఇంజనీరు. కాంక్రీటు గురించి ఎంతయినా చెప్తాడు గానీ, కరెంటుతో ఆయన పరిచయం స్విచ్చి దాకానే. పైగా మార్కులు చూసి పిల్లల్ని, గజాలు చూసి స్థలాల్ని, క్యారెట్లు చూసి బంగారాన్ని మెచ్చుకునే చోట పెరిగాడు. పెద్ద అంకె చూసి అనుమానించడం ఆయన రక్తంలో లేదు. మర్యాద కోసం ఆ మూడువేలది ఒకటి కొన్నాడు. ఆవిడ ప్లాస్టిక్ డబ్బా కూడా చూపిస్తే, "సెల్లుకి మళ్ళీ ఇల్లెందుకు?" అని వదిలేశాడు. ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో వెతికితే, నోరూరించే సెల్లు దొరికింది. పసుపుపచ్చ తొడుగు, దానిమీద మంటలు కక్కే డ్రాగన్ బొమ్మ, బొమ్మ కింద తొమ్మిదివేల తొమ్మిదివందల మహా!

"వంద తగ్గితే పదివేలు! డిస్టింక్షను!" అని రెండు తెప్పించాడు. ఆ మార్కులు వేసుకున్నది ఎవరని అడగడం ఆయనకి తోచలేదు. పరీక్ష రాసిందీ, పేపరు దిద్దిందీ, ఫస్టు ర్యాంకు ప్రకటించిందీ ఆ డ్రాగనే.

బయల్దేరిన రోజు విద్యావతి పులిహోర డబ్బా, రెండు స్టీలు పళ్ళాలు సర్ది ఇచ్చింది. "జాగ్రత్తండీ, ఎండలో టోపీ పెట్టుకోండి" అంది. టోపీ గురించి చెప్పింది, మొసళ్ళ గురించి చెప్పింది, నీళ్ళ గురించి చెప్పింది. పొగ గురించి చెప్పలేదు.

'వచ్చాక నువ్వే అడుగుతావు చూడు' అనుకున్నాడు సుబ్బరాజు పళ్ళు బిగించి.

తోడు వెళ్ళేది ఖాదర్. కడపలో పుట్టి, డార్విన్‌లో సర్వేయరై, మనిషి కంటే ముందు దగ్గు వినిపించే పెద్దమనిషి. చెయ్యి మహా ధారాళం. అడిగితే ప్రాణం ఇస్తాడు. అడక్కపోయినా సిగరెట్ ఇస్తాడు. సుబ్బరాజు మూడు వ్రతాలూ ఖాదర్ చొక్కాజేబు దగ్గరే భంగమయ్యాయి.

"ఏమప్పా రాజూ, ఈ తూరి కూడా మానేసినావంటనే?" అన్నాడు ఖాదర్, ఆఫీసు ట్రక్కులో సామాను కడుతూ.

"ఈ తూరి కాదు, ఈ తూరితో సరి. ఇదుగో, డ్రాగన్లు తెచ్చా. ఇవి రెండూ, ఆ చిన్నదీ కలిపితే మహా మహా మహా. ఇల్లు చేరేదాకా ఢోకా లేదు."

"చార్జర్ తెచ్చినావా?"

"గోడకి తగిలించేది. అడవిలో గోడెక్కడిది? అవసరం రాదులే."

"నీ బాధ జూడలేక నేను లోపల లోపల నవ్వుకుంటాండా. నొచ్చుకోవాకు."

"నవ్వుకో ఖాదరూ. నవ్వు నాలుగు విధాల చేటయితే, నీ సిగరెట్ ఐదో విధం."

మొదటి డ్రాగన్ రెండో కల్వర్టు దగ్గరే కన్నుమూసింది. సుబ్బరాజు నమ్మలేదు. తీసి, ఊదాడు, చొక్కాకి రుద్దాడు, తిప్పి పెట్టబోయి మానుకున్నాడు. రెండో డ్రాగన్ వేశాడు. అది మధ్యాహ్నం భోజనాలకి కూడా ఆగకుండా అన్నగారి వెనకే వెళ్ళిపోయింది. మంటలు కక్కుతుందని బొమ్మ వేసిన సెల్లు పట్టుమని పది గుక్కల పొగ కూడా కక్కలేదు.

"ఇది సెల్లు కాదు ఖాదరూ, చెల్లని సెల్లు!" అని అరిచాడు. ఎక్కడో చెట్టుమీద తెల్ల కాకటూ చిలకలు లేచిపోయాయి.

చివరికి మిగిలింది టార్చి దుకాణంలో మర్యాదకి కొన్న మూడువేలది. దిగాలుగా దాన్ని పెట్టాడు. అది మాత్రం ఏ హడావుడీ లేకుండా, బడిపంతులు పాఠం చెప్పినట్టు, మధ్యాహ్నమంతా పనిచేసింది. సాయంత్రం పనిచేసింది. మర్నాడు పొద్దున లేచి చూస్తే సగం ఇంకా ఉంది.

సగమే ఉంది. ఇంకా ఆ రోజంతా పని, రాత్రి ఆ ఎర్రమట్టిమీదే పడక, ఆ మర్నాడు తిరుగుదారి. సుబ్బరాజు లెక్కలు కట్టడం మొదలుపెట్టాడు. పొదుపుగా పీల్చాడు. మనసు పీల్చమన్నప్పుడల్లా ఏలక్కాయ నమిలాడు. ఏలక్కాయలు అయిపోయాయి, ఎండ నడినెత్తికి వచ్చింది. వాళ్ళు కల్వర్టు పక్కన ట్రక్కు ఆపి పులిహోర తిన్నారు. ఖాదర్ చెయ్యి కడుక్కుని, కాస్త దూరం పోయి, ఒకటి వెలిగించాడు. గాలి ఆ పొగని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినట్టు సరిగ్గా సుబ్బరాజు ముక్కు దగ్గర దింపింది.

సుబ్బరాజు చచ్చిన డ్రాగన్లు రెండూ చేతిలోకి తీసుకుని చూశాడు. "వీటికి కాసింత ప్రాణం పోస్తే చాలు. సాయంత్రందాకా లాగించొచ్చు."

"ఎండలో పెట్టు," అన్నాడు ఖాదర్ దూరం నుంచే. "మా నాయన రేడియో సెల్లులు మిద్దిమీద ఎండబెట్టేవాడు. పొద్దున పెడితే మాపటికి వార్తలొచ్చేవి."

సుబ్బరాజు మొహం వెలిగింది. "మా ఇంట్లోనూ అంతే! మా అమ్మ వడియాలు పెడితే పక్కనే నేను సెల్లులు పెట్టేవాణ్ణి. క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లు అలాగే విన్నాను. కాకులు వడియాలు ఎత్తుకుపోయేవి గానీ సెల్లుల జోలికి రాలేదు."

"కాకికి కరెంటంటే భయం."

"అవి వేరే సెల్లులు ఖాదరూ, ఇవి వేరే..." అని సుబ్బరాజులో ఇంజనీరు సన్నగా గొణిగాడు. వడియాల దగ్గర కూర్చున్న పిల్లవాడు వాడి నోరు నొక్కేశాడు. "పోనీ పెడితే పోయేదేముంది? చచ్చినవేగా!"

పులిహోర తిన్న స్టీలు పళ్ళెం కడిగి, తుడిచి, ట్రక్కు బానెట్ మీద పెట్టాడు. డ్రాగన్లు రెండూ అందులో వేశాడు. గాలికి అవి అటూ ఇటూ దొర్లడం మొదలుపెట్టాయి. పట్టి ఒకచోట పెట్టాడు, మళ్ళీ దొర్లాయి. వంతెనల మనిషి కదా, కదిలేదాన్ని చూస్తే చెయ్యి ఊరుకోదు. రెంటినీ టార్చిలో వేసినట్టు తలకి తోక ఆనించి వరసగా పేర్చాడు. అంచు దగ్గర ఇంకా కాస్త ఖాళీ మిగిలింది. ఆ ఖాళీ చూసి, వేప్‌లో ఉన్న మూడువేల సెల్లు తీసి, అదే వరసలో చీలలా దూర్చాడు. కొలిచి చేసినట్టు ఈ అంచు నుంచి ఆ అంచుకి బిగిసింది. ఇక ఎంత గాలికైనా కదలవు.

"భలే కుదిరింది!" అని ఒక అడుగు వెనక్కి వేసి మురిసిపోయాడు. "దీనికి కూడా కాస్త ఎండ తగిలితే సగం కాస్తా నిండుతుంది."

"నీ చెయ్యి పడితే రాయైనా నిలబడ్తాది," అన్నాడు ఖాదర్.

ఇద్దరూ కల్వర్టు కిందకి దిగి పగుళ్ళు కొలుస్తున్నారు. ముందు వాసన వచ్చింది, గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు తియ్యటి వాసన. తర్వాత బుస్సుమన్న చప్పుడు.

"పాము!" అన్నాడు ఖాదర్.

"బానెట్ మీదా?" అంటూనే సుబ్బరాజు ఒడ్డెక్కాడు. పళ్ళెంలో డ్రాగన్ తొడుగు ముడుచుకుపోయి, ఒక చివర ఉబ్బి, అక్కణ్ణుంచి తెల్లటి పొగ సన్నగా చిమ్ముతోంది. చుట్టూ మోకాలెత్తు ఎండుగడ్డి. ఆ కాలంలో అక్కడ ఒక్క నిప్పురవ్వ పడితే ఊళ్ళకి ఊళ్ళు దూరంలో ఉన్నవాళ్ళకి కూడా కబురు అందుతుంది.

"దగ్గరికి పోవాకు!" అని అరిచి, ఖాదర్ సర్వే చేసే పొడుగాటి కొలతకర్రతో పళ్ళాన్ని రోడ్డుమీది కంకరలోకి తోశాడు. సుబ్బరాజు పారతో ఇసక ఎత్తి దానిమీద పోశాడు. ఒక పార, ఇంకో పార, అంత్యక్రియల్లో బంధువుల్లా ఇద్దరూ వంతులవారీగా. మంటలార్పే ఎర్ర సిలిండర్ పట్టుకుని, ఇసక చల్లబడేదాకా అక్కడే కాపలా కాశారు.

సుబ్బరాజు నెత్తిమీద టోపీ తీసి ఇసక వైపు చూస్తూ నిలబడ్డాడు. నెమ్మదిగా అర్థమైంది. తల, తోక, తల, తోక. అటు చివర స్టీలు అంచు, ఇటు చివర స్టీలు అంచు.

"ఖాదరూ."

"ఊఁ."

"ఎండ పాపం ఏమీ చెయ్యలేదు. నేను సెల్లులు ఎండబెట్టలేదు. పళ్ళెంతో వైరు వేసి సర్క్యూట్ కట్టాను. బతికున్న ఒక్క సెల్లు తన కరెంటంతా ఆ చచ్చిన రెంటి నెత్తిన పోసింది. అదీ చచ్చింది."

ఖాదర్ కొలతకర్ర కింద పెట్టాడు. "మొత్తానికి ఈపొద్దు నీ బదులు అది తాగిందప్పా పొగ."

నవ్వు రాలేదు ఇద్దరికీ. ఖాదర్ చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పెట్టె తెరిచి, ఒకటి సగం బయటకి లాగి, సుబ్బరాజు ముందుకి చాపాడు. "పట్టు. భయపడినావు. ఒకటేగా."

మూడుసార్లూ ఇదే మాట. ఇదే చెయ్యి. 'ఒకటేగా.' సుబ్బరాజు చెయ్యి అప్పటికే సగం లేచింది. సగం లేచిన చేత్తో ఏం చెయ్యాలో తెలియక, దాన్ని ఖాదర్ భుజం మీద వేశాడు.

"అది లోపల పెట్టు. ఇల్లు చేరేదాకా నాకివ్వకు. నేనడిగినా ఇవ్వకు."

"నువ్వడిగితే లేదని ఎట్లంటా?"

"అదే నీ రోగం. మూడుసార్లు నా వ్రతం చెడగొట్టింది నీ మంచితనం."

ఖాదర్ మొహం చిన్నబోయింది. "అంటే తప్పు నాదంటావా?"

"తప్పు నాదే. పెట్టె నీది."

ఖాదర్ పెట్టె వంక చూశాడు. సుబ్బరాజు వంక చూశాడు. గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "సరే, కసమ్. నువ్వు కాళ్ళు పట్టుకున్నా ఇయ్యను. మళ్ళీ తిట్టుకోవాకు."

సుబ్బరాజు కాళ్ళు పట్టుకోలేదు గానీ తక్కినవన్నీ చేశాడు. ఎండ కాస్త వాలేసరికి మర్యాదగా అడిగాడు. "ఖాదర్ భాయ్, ఇందాకటి మాట ఇందాకటిదే అనుకో. సగం ముక్క చాలు."

"ఇయ్యను."

ఇంకో కల్వర్టు తర్వాత హోదా చూపించాడు. "నేను నీ సీనియర్‌ని."

"ఆఫీసులో. ఇది అడవి."

"ఒక్క పీల్పు. నీ నోట్లోదే."

"ఛీ! మీ ఇంటామెకు చెప్పేదా?"

"కడపోళ్ళకి జాలి లేదని ఊరికే అనలేదు!"

"ఎవరన్నారప్పా? ఇప్పుడు నువ్వంటాండావు."

ఖాదర్ తన సిగరెట్ కోసం దూరంగా చెట్టు చాటుకి పోయేవాడు. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే, సుబ్బరాజు గాలికి ఎదురుగా నిలబడి, కళ్ళు మూసుకుని, ముక్కుపుటాలు ఎగరేస్తున్నాడు.

"ఏం జేస్తాండావు?"

"గాలి పీలుస్తున్నా. గాలి కూడా నీదేనా?"

ఖాదర్ విసుక్కుని సిగరెట్ నేలకేసి నలిపి, పీకని డబ్బాలో వేసుకుని వచ్చేశాడు. ఆ తర్వాత వెలిగించనేలేదు. ఇద్దరు చిరాకు మనుషులు, ఒక ట్రక్కు, బోలెడు కల్వర్టులు. సుబ్బరాజు ఆ కోపమంతా పనిమీద చూపించాడు. తూముల్లోకి దూరి చూశాడు, పారతో మట్టి తీశాడు, వెంట్రుకంత పగులు కనపడినా కొలిచాడు. తల దిమ్మెక్కిపోతోంది, వేళ్ళు ఊరికే ఉండలేక బొత్తాలు తిప్పుతున్నాయి. 'నువ్వా నేనా' అన్నాడు. ఎవరితో అన్నాడో ఆయనకే తెలియదు. పొద్దు గుంకేసరికి మర్నాడు తిరుగుదారిలో చేద్దామని ఉంచుకున్న పని కూడా అయిపోయింది.

మర్నాడు తిరుగుదారిలో హైవే మీద రోడ్‌హౌస్ వచ్చింది. పెట్రోలు, తిండి, స్నానానికి నీళ్ళు అన్నీ ఒక్కచోటే దొరికే మజిలీ. ఖాదర్ బయట డీజిల్ పట్టిస్తున్నాడు. సుబ్బరాజు లోపలికెళ్ళి, మొహం కడుక్కుని, రెండు మీట్ పైలు, మాంసం కూరిన కచోరీల్లాంటివి, తీసుకుని కౌంటరు దగ్గర నిలబడ్డాడు. కౌంటరు పిల్ల వెనక గోడకి బీరువా ఒకటి, తలుపులు మూసుంది. లోపల ఏముందో బయట రాసిలేదు. సుబ్బరాజుకి రాసుండక్కర్లేదు.

"ఇంకేమైనా కావాలా?" అందా పిల్ల.

మామూలు ప్రశ్నే. సుబ్బరాజు మళ్ళీ బీరువా వంక చూశాడు. కసమ్ వేసింది ఖాదర్. ఈ పిల్ల వెయ్యలేదు. జేబులో కార్డుంది. ఒకటి తాగి, పుదీనా బిళ్ళ నమిలి, చొక్కా మార్చుకుంటే ఇంటికి చేరేసరికి గాలే మిగులుతుంది. ఈ ఉపాయాలన్నీ ఆయనకి కొట్టినపిండి.

"ఒక్క నిమిషం," అని పక్కకి జరిగి ఫోను తీశాడు. సిగ్నలుంది. ఇదివరకు మూడుసార్లూ ఆయన విద్యావతికి తప్పు చేశాక చెప్పాడు, అదీ పట్టుబడ్డాక. చెయ్యకముందు చెప్పడం ఇదే మొదలు.

"ఏమైందండీ? ఈ టైమ్‌లో చేశారు, యాక్సిడెంటా?" విద్యావతి గొంతులో కంగారు. వెనక ఆసుపత్రి మిషను కూతలు.

"కాదు. సెల్లులు పోయాయి."

"సెల్లులోంచేగా మాట్లాడుతున్నారు?"

"వేప్‌వి. మూడూ కాలిపోయాయి. నిన్న మధ్యాహ్నం నుంచి నా దగ్గరేమీ లేదు. ఇప్పుడు రోడ్‌హౌస్‌లో ఉన్నాను. సిగరెట్ల బీరువా ఎదురుగా ఉంది విద్యా. ఇంకా కొనలేదు. కొనేలా ఉన్నాను. అందుకే చేశాను."

లైను పోయిందేమోనని ఫోను చెవినుంచి తీసి చూసుకున్నాడు. పోలేదు. ఏదో తలుపు మూసిన శబ్దం. మిషను కూతలు ఆగిపోయాయి.

"నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్కటి కూడా తాగలేదా?"

"లేదు."

"ఖాదర్ గారు పక్కనుండగానా?"

"ఆయన ఇవ్వలేదు. నేనే ఇవ్వొద్దన్నాను. తర్వాత అడిగాను. తర్వాత తిట్టాను."

"తల నొప్పిగా ఉందా?"

"పగిలిపోతోంది."

"ముందు ఆ బీరువా వేపు చూడ్డం మానేసి వెనక్కి తిరగండి. తిరిగారా? నీళ్ళు తాగండి. ఆ తలపు వచ్చి, కాసేపు పీడించి, దానంతటదే పోతుంది. పోయేదాకా నాతో మాట్లాడండి. అసలు మూడు సెల్లులు ఒక్కసారే ఎలా కాలాయి?"

సుబ్బరాజు చెప్పాడు. వడియాలు చెప్పాడు, గాలి చెప్పాడు, స్టీలు పళ్ళెం చెప్పాడు.

"స్టీలు పళ్ళెంలోనా!" అంది విద్యావతి. ఆ ఒక్క మాటతో కట్ట తెగింది. "ఇంజనీరని బోర్డు పెట్టుకున్నారు, వంతెనలు కట్టిస్తారు, బానెట్ మీద బాంబు వండుకుంటారా? చుట్టూ ఎండుగడ్డి! ఖాదర్ గారికేమన్నా అయితే వాళ్ళావిడకి నేనేం చెప్పను? అంకె చూసి ఎగబడ్డం, అసలేం కొంటున్నారో చూడకపోవడం! మీకు ఊపిరితిత్తులు ఒక్కటే పోతాయనుకున్నాను, ఒళ్ళంతా పోయేటట్టుంది కదండీ!"

సుబ్బరాజు బీరువాకి వీపు పెట్టి, గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. ఎన్నాళ్ళకి! తల ఊపాడు. పక్క బల్ల దగ్గర మీట్ పై తింటున్న లారీ డ్రైవరు, ఈయనకేదో పాట వినిపిస్తోందనుకున్నాడు.

ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "షిఫ్టయ్యాక ఆ టార్చి దుకాణానికి వెళ్తాను. మీరొచ్చేసరికి సెల్లు చార్జింగు పెట్టి ఉంచుతాను. ఏమని అడగాలి?"

సుబ్బరాజు చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు.

"ఉన్నారా?"

"ఉన్నా. మూడువేలది అడుగు."

"అంతకంటే పెద్దది లేదా?"

"ఉంటే అబద్ధం. మూడువేలదే తే. దానికొక ప్లాస్టిక్ డబ్బా కూడా తే."

"ఎన్ని తేను? రెండా, మూడా?"

సుబ్బరాజు ఆలోచించాడు. మంచి సెల్లు సరిగ్గా వాడుకుంటే రెండేళ్ళు వస్తుంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఇప్పటిదాకా ఏ సెల్లూ లేకుండా తను వచ్చాడు.

"ఒకటి చాలు విద్యా. అది అరిగిపోయేలోపల నేనే దాన్ని మానేస్తాను."

"చూద్దాం," అంది విద్యావతి.

సుబ్బరాజు కౌంటరు దగ్గరికి తిరిగొచ్చాడు. "ఇంకేమీ వద్దు" అని గట్టిగా చెప్పి, పైలకి కార్డు తాకించి, బయట ఎండలోకి నడిచాడు.